వెనుక సీటులో కూర్చుని చూస్తే...

షోరూములో అడుగుపెట్టిన మనిషిని అమ్మకందారు మొట్టమొదట తీసుకుపోయేది డ్రైవరు సీటు దగ్గరికే. తలుపు తెరిచి వినయంగా పక్కన నిలబడతాడు. కొనవచ్చిన పెద్దమనిషి లోపల కూర్చుని, తోలు తొడిగిన స్టీరింగును రెండు చేతులతో పట్టుకుని, ఎదుట వెలుగుతున్న తెరను వేలితో తాకి చూస్తాడు. పది నిమిషాల తరువాత ఆయన బయటికి వచ్చేసరికి నిర్ణయం సగం జరిగిపోయి ఉంటుంది. వెనుక తలుపు తెరిచి చూడాలని చాలామందికి తోచదు. తోచినా ఒకసారి తొంగిచూసి ఊరుకుంటారు.

అయితే మన దేశంలో అరవై డెబ్బై లక్షలు పోసి కారు కొనేవారిలో అనేకులు ఆ కారులో ఎక్కువకాలం గడపబోయేది వెనుక సీటులోనే. ముందు సీటులో కూర్చునేది జీతానికి కుదిరిన డ్రైవరు. ఎవరి సౌఖ్యం కోసం, ఎవరి క్షేమం కోసం అంత డబ్బు ఖర్చవుతున్నదో వారు కూర్చునే చోటును పరీక్షించకుండానే బేరం ముగిసిపోతుంది.

ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ఒక వైద్యుడు. వయసు యాభై ఎనిమిది. ఇంటినుంచి ఆసుపత్రికి ఎనిమిది కిలోమీటర్లు, తానే నడుపుకుంటూ వెళతాడు. నెలకొకసారి హైదరాబాదు ప్రయాణం. పోనూ రానూ సుమారు 550 కిలోమీటర్లు. పండుగలకు కృష్ణా డెల్టాలో ఉన్న సొంత ఊరికి కాలువగట్టు రోడ్డుమీద వెళ్ళిరావాలి. దూరప్రయాణాలకు డ్రైవరు ఉన్నాడు. వెంట భార్య, ఎనభై దాటిన తల్లి, ఒక్కొక్కప్పుడు నాలుగేళ్ళ మనుమరాలు. సంవత్సరానికి మొత్తం పన్నెండు వేల కిలోమీటర్లకు మించదు. ఆయన బల్లమీద ఐదు రంగుల పుస్తకాలు పరచి ఉన్నాయి: బి.ఎం.డబ్ల్యు. ఎక్స్-3, మెర్సిడిస్ జి.ఎల్.సి., ఆడి క్యూ-5, వోల్వో ఎక్స్.సి.-60, లెక్సస్ ఎన్.ఎక్స్.-350 హెచ్. 2025 చివరినాటికి వీటి షోరూము ధరలు అరవై లక్షల పైచిలుకు నుంచి ఎనభై లక్షల లోపు. ఐదూ పొడవులో నాలుగు మీటర్ల డెబ్బై సెంటీమీటర్లకు అటూ ఇటూగా, వెడల్పులో ఒక మీటరు తొంభై సెంటీమీటర్లకు దగ్గరదగ్గరగా ఉంటాయి. పుస్తకాలలోని అంకెలను పక్కపక్కన పెట్టి చూసేకొద్దీ తేడాలు కరిగిపోతాయేగాని తేలవు.

ఈ జాతి కారు పుట్టి ఎంతో కాలం కాలేదు. 1990ల వరకు ఎత్తయిన బండి కావాలంటే చాలావరకు లారీవలె నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రం మీద బాడీని బిగించిన జీపు తరహా వాహనమే గతి. 1997లో మెర్సిడిస్ సంస్థ అమెరికాలోని అలబామాలో తయారుచేసిన మొదటి ఎం-క్లాసు కూడా అటువంటిదే. మరుసటి ఏడు, 1998లో, టొయోటావారు లెక్సస్ ఆర్.ఎక్స్.-300 అనే బండిని అమెరికా విపణిలో దించారు. దానికి వేరే చట్రం లేదు. కామ్రీ సెడాన్ నిర్మాణాన్నే ఆధారం చేసుకుని, కారుకు ఉండే మెత్తదనం పోకుండా, జీపుకు ఉండే ఎత్తు తెచ్చారు. సుఖానికి అలవాటుపడిన అమెరికను మధ్యతరగతి దానిని ఆదరించింది. 1999లో బి.ఎం.డబ్ల్యు. ఎక్స్-5 వచ్చింది, 2003లో దాని తమ్ముడు ఎక్స్-3. 2008లో ఆడి క్యూ-5, వోల్వో ఎక్స్.సి.-60, మెర్సిడిస్ జి.ఎల్.కె. మూడూ ఇంచుమించు ఒకేసారి బయలుదేరాయి. వీటిలో జి.ఎల్.కె. మన దేశానికి రానేలేదు. కుడిపక్కన స్టీరింగు అమర్చడానికి వీలులేని విధంగా దానిని రూపొందించారు. ఆ పేరు మారి జి.ఎల్.సి. అయిన తరువాత, 2016లో, మెర్సిడిస్ వారి ఈ తరగతి కారు భారతీయుల చేతికి అందింది.

విదేశంలో పుట్టిన ఈ ఆకారాన్ని మనవాళ్ళు ఇంత త్వరగా ఎందుకు మెచ్చుకున్నారు? జవాబు కోసం ఉత్తరపారా దాకా వెళ్ళాలి. కలకత్తా శివార్లలోని ఆ ఊళ్ళో 1958 నుంచి 2014 వరకు తయారైన అంబాసిడరు కారుకు ఉన్న లోపాలను లెక్కించడం కష్టం. కాని దాని వెనుక సీటు ఎత్తుగా, వెడల్పుగా, పెద్దమనుషులు నిటారుగా కూర్చునేందుకు వీలుగా ఉండేది. పంచె కట్టుకున్న మంత్రి, పట్టుచీర కట్టుకున్న పెండ్లికూతురు, మోకాళ్ళ నొప్పులున్న తాతగారు, అందరూ వంగకుండా ఎక్కి దిగేవారు. తరువాత వచ్చిన సెడాన్లు వేగం కోసం, ఇంధనం ఆదా కోసం నేలకు అంటుకుపోయాయి. వాటిలో కూర్చోవడమంటే ఇంచుమించు నేలమీద చతికిలబడడమే. ఎత్తయిన ఈ కొత్త కారు వచ్చి, పోయిన ఆ సీటును తిరిగి ఇచ్చింది.

కాబట్టి మన వైద్యుడు వేయవలసిన మొదటి ప్రశ్న అశ్వశక్తిని గురించి కాదు. తల్లి ఎక్కగలదా, దిగగలదా? సీటు అంచు మనిషి పిరుదుల ఎత్తుకు దగ్గరగా ఉంటే పక్కకు జరిగి కూర్చోవచ్చు. అంతకంటే తక్కువైతే వంగాలి, ఎక్కువైతే ఎగబాకాలి. తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుంది? గడప ఎంత దళసరి? వర్షాకాలంలో ఆ గడపకు అంటిన బురద చీర కుచ్చెళ్ళకు తగులుతుందా? ఇవి ఏ పుస్తకంలోనూ అచ్చువేయరు. ఎనభై ఏళ్ళ మనిషిని ఒకసారి ఎక్కించి దించితే రెండు నిమిషాలలో తెలుస్తాయి.

రెండవది కుదుపు. ఇక్కడ కొనేవారు తమకు తామే అపకారం చేసుకోవడం కద్దు. ఒకే కారు చిన్న చక్రాలతోనూ పెద్ద చక్రాలతోనూ దొరికితే, ఖరీదెక్కువైన పెద్ద చక్రాలే కోరుకుంటారు. అవి చూపుకు బాగుంటాయి. టైరు పక్కన ఉండే అంకెలను చదవడం నేర్చుకుంటే ఈ పొరపాటు జరగదు. 235/60 ఆర్ 18 అని ఉంటే టైరు వెడల్పు 235 మిల్లీమీటర్లు, దాని రబ్బరు గోడ ఎత్తు అందులో 60 శాతం, అంటే 141 మిల్లీమీటర్లు. 255/45 ఆర్ 20 అయితే గోడ ఎత్తు 115 మిల్లీమీటర్లే. గుంటలో పడినప్పుడు దెబ్బను మొదట మింగేది ఆ రబ్బరు గోడ, దాని లోపలి గాలి. అంగుళం పైచిలుకు రబ్బరును అందం కోసం వదులుకుంటే ఆ దెబ్బ చక్రానికి, అక్కడినుంచి వెనుక ఇరుసు పైన కూర్చున్నవారి వెన్నెముకకు చేరుతుంది. కొన్ని నమూనాలలో గాలి పోయినా పరుగెత్తే రన్‌ఫ్లాట్ టైర్లు అమరుస్తారు. వాటి గోడలు మరింత గట్టివి. గాలి పోయిన తరువాత సాధారణంగా గంటకు 80 కిలోమీటర్లు మించని వేగంతో 80 కిలోమీటర్ల దూరం పోవచ్చునంటారు. విజయవాడ, హైదరాబాదుల మధ్య అర్ధరాత్రి అది గొప్ప ధైర్యమే. కాలువగట్టు మీద మాత్రం శిక్ష. మిగులు చక్రం ఉన్నదా లేదా అన్నది డిక్కీ అడుగు పలక ఎత్తి కళ్ళారా చూసుకోవలసిన సంగతి.

ఈ తనిఖీలన్నీ సౌఖ్యానికి సంబంధించినవి. ప్రాణానికి సంబంధించిన తనిఖీ వేరే ఉన్నది.

2022 సెప్టెంబరు 4వ తేదీ, ఆదివారం మధ్యాహ్నం. అహమ్మదాబాదు నుంచి ముంబయికి పోయే రహదారి మీద, పాల్ఘర్ జిల్లాలో, సూర్యా నది వంతెన దగ్గర ఒక కారు గోడను ఢీకొన్నది. అందులో నలుగురున్నారు. ముందు సీట్లలోని ఇద్దరూ తీవ్రంగా గాయపడినా బ్రతికారు. వెనుక కూర్చున్న ఇద్దరూ మరణించారు. వారిలో ఒకరు టాటా సన్స్ పూర్వాధ్యక్షుడు సైరస్ మిస్త్రీ. వెనుకనున్న ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు తెలిపారు. ఆ కారు సరిగ్గా ఈ వ్యాసం చర్చిస్తున్న తరగతికి చెందినదే.

వెనుక సీటు భద్రమైనదని, ఎదురుగా ముందు సీటు మెత్తగా అడ్డుపడుతుందని మన దేశంలో పాతుకుపోయిన నమ్మకం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు గోడకు తగిలి ఆగిపోయినా అందులోని మనిషి ఆగడు. అదే వేగంతో ముందుకు పోతాడు. పది మీటర్ల ఎత్తునుంచి, అంటే మూడంతస్తుల మేడ మీదినుంచి పడిన మనిషి నేలను తాకే వేగం అది. మిస్త్రీ మరణం తరువాత కొంతకాలం పత్రికలన్నీ వెనుక బెల్టులను గురించి వ్రాశాయి. వెనుకవారు బెల్టు పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా అన్న నిబంధన అంతకుముందే ఉన్నదన్న విషయం అప్పుడే చాలామందికి తెలిసింది.

బెల్టు పెట్టుకుంటే చాలునా? ఇక్కడ కథ మరొక మలుపు తిరుగుతుంది. ముందు సీటు బెల్టులో రెండు చిన్న పరికరాలుంటాయి. ప్రీటెన్షనర్ అనేది గుద్దుకున్న క్షణంలోనే బెల్టు వదులును లాగివేసి మనిషిని సీటుకు అదిమిపెడుతుంది. లోడ్ లిమిటర్ అనేది ఆ తరువాత బెల్టును కొలతప్రకారం కొద్దిగా సడలించి, అదే బెల్టు పక్కటెముకలను విరగ్గొట్టకుండా చూస్తుంది. ఎదుట గాలిసంచి సరేసరి. ఏళ్ళ తరబడి ఈ ఏర్పాట్లన్నీ ముందు సీటుకే జరిగాయి. ఫలితంగా అమెరికాలోని హైవే భద్రతా బీమా సంస్థ ఒక విచిత్రమైన విషయాన్ని కనిపెట్టింది: 2007వ సంవత్సరపు నమూనాల నుంచి లెక్కిస్తే, బెల్టు పెట్టుకున్నవారిలోనే వెనుక కూర్చున్నవారికి ప్రాణాపాయం ముందువారికంటే 46 శాతం అధికం. వెనుక సీటు మునుపటికంటే ప్రమాదకరంగా మారినందువల్ల కాదు. ముందు సీటు బాగుపడినంతగా అది బాగుపడనందువల్ల. 2022 చివరలో ఆ సంస్థ వెనుక సీటులో కూడా బొమ్మమనిషిని కూర్చోబెట్టి పరీక్షించడం మొదలుపెట్టింది. ఐరోపాలోని యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2015లోనే తన పరీక్షలలో ఒకదానికి వెనుక సీటులో చిన్న ఆకారం గల స్త్రీబొమ్మను చేర్చింది. మన వైద్యుని తల్లి కొలతలకు దగ్గరగా ఉన్న బొమ్మ అది.

ఖరీదైన కారు కనుక అన్నీ ఉండే ఉంటాయిలే అనుకోవడానికి వీలులేదు. 2012లో ఆ అమెరికను సంస్థే కారు ముందుభాగంలో ఒక మూలను మాత్రమే గోడకు తాకించే కొత్త పరీక్ష పెట్టి, పేరుమోసిన పదకొండు విలాస సెడాన్లను గుద్దించింది. ఉత్తమ శ్రేణి రెండింటికే దక్కింది: వోల్వో ఎస్-60, అక్యూరా టి.ఎల్. తోలు, కొయ్య, పేరు అన్నీ ఉన్న నాలుగు కార్లు అధమ శ్రేణిలో నిలిచాయి. తయారీదారులు ఆ తరువాత త్వరత్వరగా నిర్మాణాలు మార్చుకున్నారు. ఎవరో పరీక్ష పెట్టిన చోటే ఎవరైనా బాగుచేస్తారన్నది కార్ల లోకంలో పాత అనుభవం. కాబట్టి కొనేవాడు కూడా పరీక్షాధికారి అవతారం ఎత్తవలసిందే. వెనుక బెల్టులకు ప్రీటెన్షనర్లు ఉన్నాయా, లోడ్ లిమిటర్లు ఉన్నాయా, మధ్య సీటుకు మూడు బిందువుల బెల్టు ఉన్నదా, మనుమరాలి సీటును బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు సులభంగా చేతికందుతాయా అని అడిగి, మన దేశంలో అమ్మే నమూనాకే వర్తించేలా లిఖితపూర్వకంగా జవాబు తీసుకోవాలి. అమ్మకందారు తెల్లబోవచ్చు. ఆ ప్రశ్న అతన్ని అడిగినవారు అరుదు.

ఈ ఐదింటిలో ఎవరి బుద్ధి ఎటు మొగ్గిందో కొంత చెప్పవచ్చు. బి.ఎం.డబ్ల్యు. పుట్టుకతోనే నడిపేవాడి కారు. ఆ పేరు వినగానే వంపు తిరిగే ఆనందం గుర్తుకు వస్తుంది, వెనుక కునుకు తీసే ఆనందం కాదు. మెర్సిడిస్ వెనుక కూర్చునే యజమానిని ఎన్నడూ మరచిపోలేదు. వోల్వో 1959లోనే మూడు బిందువుల బెల్టును ప్రవేశపెట్టిన సంస్థ. ఎదుట అడ్డు వచ్చినప్పుడు తనంత తానే బ్రేకు వేసే ఏర్పాటును 2008లో ఎక్స్.సి.-60కి అదనపు ఖరీదు లేకుండా అమర్చింది. ఆడిది మధ్యేమార్గం. లెక్సస్ నిశ్శబ్దాన్ని నమ్ముకున్నది. ఊళ్ళో మెల్లగా పోయేటప్పుడు దాని ఇంజను చాలాసార్లు ఆగిపోయి విద్యుత్ మోటారే లాగుతుంది. వెనుక చక్రాలను తిప్పడానికి వేరే మోటారు ఉండడంతో, ముందునుంచి వెనుకకు పోయే ఇరుసుకడ్డీ అవసరమే దానికి లేదు. మిగిలిన నాలుగింటిలో ఆ కడ్డీ పోయే దారి, వెనుక మధ్య సీటువాని కాళ్ళ మధ్య గుట్టలా లేస్తుంది. నలుగురి కుటుంబానికి ఇది పట్టదు. ఐదుగురైతే ఆ గుట్ట మీద ఎవరు కూర్చోవాలన్న తగవు ప్రతి ప్రయాణంలోనూ తప్పదు.

నాలుగు చక్రాలకూ శక్తి అందడం గురించి పుస్తకాలు పుటలు నింపుతాయి. మనాలీ మంచులో, మున్నారు జారుడు మట్టిలో అది అక్కరకు వస్తుంది. విజయవాడ వాని కది బీమా వంటిది. కదలడానికే అది తోడ్పడుతుంది, ఆగడానికి కాదు. బ్రేకులు ప్రతి కారుకూ నాలుగు చక్రాలకూ ఉన్నవే.

ఇంధనం సంగతి ఇంకొంచెం ఓపికగా చూడాలి. మన దేశంలో ఎక్స్-3, జి.ఎల్.సి.లు పెట్రోలుతోనూ డీజిలుతోనూ దొరుకుతాయి. క్యూ-5, ఎక్స్.సి.-60 పెట్రోలు బండ్లే. డీజిలు ఇంజను పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటుంది. పట్టిన మసి కాలిపోవాలంటే ఇంజను కొంతసేపు బాగా వేడెక్కి పరుగెత్తాలి. రోజూ ఎనిమిది కిలోమీటర్లు పోయి ఆగిపోయే బండికి ఆ అవకాశం రాదు, జల్లెడ పూడుకుపోతుంది. నెలనెలా హైదరాబాదు వెళ్ళే మన వైద్యునికి ఆ చిక్కు లేదు; ఊరు దాటనివానికి ఉన్నది. ఢిల్లీ చుట్టుపక్కల ఉండేవారికి మరో భయం: పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునలు ఆదేశించగా, 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. 2025లో ఆ వివాదం మళ్ళీ కోర్టు మెట్లెక్కింది.

మైలేజి కోసం తల బద్దలు కొట్టుకునేవారు ఒక్క లెక్క వేసి చూడాలి. సంవత్సరానికి పన్నెండు వేల కిలోమీటర్లు; లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే బండికి వెయ్యి లీటర్లు, 16 ఇచ్చే బండికి 750. లీటరు నూరు రూపాయలనుకుంటే తేడా ఏడాదికి పాతికవేలు. ఇక రెండవ పద్దు. బీమా కంపెనీలు వాడే తరుగుదల పట్టిక ప్రకారం నాలుగేళ్ళు దాటి అయిదో ఏడు నడుస్తున్న బండి విలువలో 50 శాతం తరుగు. డెబ్బై లక్షల కారు అయిదేళ్ళలో ముప్ఫై అయిదు లక్షలకు దిగుతుంది; అంటే ఏడాదికి ఏడు లక్షలు, రోజుకు 1,900 రూపాయల పైమాట. కారు షెడ్డులో కదలకుండా నిలబడినా ఇది ఆగదు. పాతికవేల ఆదా కోసం నెల రోజులు పుస్తకాలు తిరగవేసేవాడు, రెండు మూడేళ్ళు వాడిన అదే కారు ఎంతకు దొరుకుతుందని ఒక్కసారైనా వాకబు చేయడు.

పన్నులు సైతం స్థిరంగా ఉండవు. 2025 సెప్టెంబరు 22 వరకు ఈ తరగతి పెట్రోలు, డీజిలు కార్లపై జి.ఎస్.టి., సెస్సు కలిసి 50 శాతం. ఆ రోజునుంచి సెస్సు పోయి 40 శాతం అయింది. పూర్తిగా విద్యుత్తుతో నడిచే కార్లకు 5 శాతమే. దానిపైన జీవితకాలపు పన్ను రాష్ట్రానికొక తీరు. షోరూము ధర చూసి మురిసిపోయినవాడు రోడ్డుమీదికి వచ్చేసరికి లక్షల తేడా చూసి తెల్లబోవడం మామూలే.

నీటి విషయం కూడా ఉన్నది. 2015లో చెన్నైలో, 2020లో హైదరాబాదులో, 2022లో బెంగుళూరులో, 2024 సెప్టెంబరులో విజయవాడలోనే వరద వచ్చి వీధులు కాలువలైనాయి. ఎత్తయిన కారు కదా అని నీళ్ళలోకి తోలితే, గాలి పీల్చే గొట్టంలోకి నీరు చేరి ఇంజను బిగుసుకుపోతుంది. అటువంటి నష్టం మామూలు బీమా కింద సాధారణంగా రాదు; ఇంజను రక్షణ అనే అదనపు షరతు ముందే కొనుక్కొని ఉండాలి. అద్దం పగిలినా, కెమెరా చెడినా సొంత ఊళ్ళో బాగుచేసే వర్క్‌షాపు ఉన్నదా, లేక బండిని హైదరాబాదుకు లారీమీద పంపాలా అన్నది కూడా కొనకముందే తెలుసుకోవలసిందే. అపార్టుమెంటు కింద కారు నిలిపే గడి కొలత సంగతి అంతే. గడి వెడల్పు రెండున్నర మీటర్లయితే, ఈ కారు నిలిపాక ఒక్కొక్క పక్క ముప్ఫై సెంటీమీటర్లే మిగులుతుంది. ఎంత విశాలమైన తలుపైనా అక్కడ తెరుచుకోదు. పెద్దావిడను ముందే దించి, ఆ తరువాత కారును లోపల పెట్టాలి.

ఇవన్నీ తెలుసుకున్నాక మన వైద్యుడు ఆదివారం ఉదయం మళ్ళీ షోరూముకు వెళతాడు. ఈసారి తల్లిని వెంటబెట్టుకుని, మనుమరాలిని ఎత్తుకుని. అమ్మకందారు అలవాటు ప్రకారం డ్రైవరు తలుపు తెరిచి పట్టుకుంటాడు. వైద్యుడు అటు వెళ్ళకుండా వెనుక తలుపు తెరుస్తాడు. పెద్దావిడ ఒక చేత్తో పిడి పట్టుకుని, కుచ్చెళ్ళు సవరించుకుని, మెల్లగా ఎక్కి కూర్చుంటుంది.

"బెల్టు ఎక్కడ తగిలించాలి నాయనా?" అని అడుగుతుంది.

తగిలించే గూడు కనిపించదు. సీటుకు తొడిగిన పలుచని ప్లాస్టిక్కు కింద ఎక్కడో ఇరుక్కుని ఉన్నది. అమ్మకందారు కంగారుగా వంగి, ప్లాస్టిక్కు చింపి, దానిని పైకి లాగుతాడు. టక్కుమన్న చప్పుడు వినిపించేదాకా వైద్యుడు చూసి, అటువైపు నుంచి వచ్చి తల్లి పక్కన కూర్చుని తలుపు వేసుకుంటాడు.

"మీరు నడపండి బాబూ," అంటాడు. "బెంజి సర్కిల్ వంతెన ఎక్కవద్దు. కింద సర్వీసు రోడ్డు మీదుగానే పోనివ్వండి."